మగ్గం వీడియో ఎవరు తీయాలి: చేనేత సహకార సంఘం మహాజన సభ తీర్మానం

యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లి ప్రాంతంలో పట్టు, నూలు ఇక్కత్ చీరలు నేసే మన చేనేత సహకార సంఘం మహాజన సభ, సంఘం అధ్యక్షుల అధ్యక్షతన సంఘ కార్యాలయంలో సమావేశమై, పాలకవర్గం పంపిన ప్రతిపాదనను చర్చించింది. సంఘం పనిని చూపించే వీడియోను సభ్యులమే ఫోన్లతో తీసుకోవాలా, లేక హైదరాబాద్ నుంచి ఆ పనిలో ఆరితేరినవారిని డబ్బిచ్చి పిలిపించాలా అన్నది ప్రతిపాదనలోని ప్రశ్న. ఆ వీడియో ఎవరికి, ఏం చూపించాలో తేలకుండా ఎవరు తీయాలో తేలదని చర్చ మొదట్లోనే స్పష్టమైంది. అందుకే ఆ సంగతే ముందుగా రాసుకుంటున్నాం.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. మన జిల్లాలోనే ఉన్న పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో అదే గుర్తింపు దక్కింది. 2021లో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇన్ని గౌరవాలు వచ్చినా, అచ్చు వేసిన బట్టను పోచంపల్లి పేరుతో అమ్మడం బజారులో ఆగలేదు. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985 నాటి రిజర్వేషన్ చట్టం చెబుతున్నది. దాన్ని అమలు చేయడం అధికారుల పని. కొనేవారి కంటికి తేడా తెలిసేలా చేయడం మాత్రం మన పని, మన తరఫున దాన్ని మరెవరూ చేయరు.

ఇక్కత్‌లో నేతకు ముందే దారానికి రంగు పడుతుంది. అందువల్ల బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి, చీర తిరగేసినా రంగు అంతే గాఢంగా ఉంటుంది. నేసిన బట్ట మీద అచ్చు వేస్తే వెనక వైపు వెలవెలబోతుంది. ఈ గుర్తు చాలామంది కొనుగోలుదారులకు తెలుసు, అంగళ్లలో చీర తిప్పి చూసేవారిని మనమూ చూస్తున్నాం. అయితే పడుగు దారాల మీదే ముందుగా అచ్చు వేసి మరమగ్గం మీద నేస్తే రెండు వైపులా రంగు సమానంగానే కనిపించవచ్చు. వెనక్కి తిప్పి చూడమని చెప్పే అర నిమిషం వీడియో ఈ నకలును పట్టించలేదు. దారం ఆసు ఎక్కడం దగ్గర నుంచి చీర మగ్గం దిగడం దాకా పని మొత్తం కనిపిస్తేనే, తాను దేనికి డబ్బిస్తున్నాడో కొనేవాడికి తెలుస్తుంది. ధర ఎందుకింత అని అడిగేవారికీ మన దగ్గర ఉన్న జవాబు ఆ పనే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పేక దారాన్ని ఆసు మీద మేకుల చుట్టూ వేలసార్లు తిప్పి పోయాలి. దాని మీద గీతలు గీసి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో కట్లు కట్టాలి. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, మళ్లీ ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని తిరిగి చేయాలి. ఆ తర్వాత దారం కండెలకు ఎక్కుతుంది, అప్పుడు గాని నాడెలోకి రాదు. వారాల తరబడి సాగే ఈ పనిని రోజు కూలి లెక్కన వచ్చే వీడియో బృందం రెండు రోజుల్లో చూడలేదు. ఆ రెండు రోజుల్లో ఒక ఇంట్లో కట్లు కడుతుంటే తీస్తారు, ఇంకో ఇంట్లో అద్దకం, మరో ఇంట్లో నేత. మూడూ మూడు వేర్వేరు చీరలవి. చూసేవారికి అది ఒకే చీర కథలా కనిపిస్తుంది. నకిలీకి ఎదురుగా నిలబడాల్సిన వీడియోలో చూపించిన దారం ఒకటి, చివర్లో విప్పి పరిచిన చీర ఇంకొకటి అయితే, ఎంత అందంగా తీసినా అది మనకు తగదని ఈ సభ గట్టిగా నమ్ముతున్నది.

నిపుణుల పక్షాన మాట్లాడిన సభ్యులు 2019లో వచ్చిన ‘మల్లేశం’ చిత్రాన్ని గుర్తు చేశారు. ఆసు యంత్రాన్ని తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి జీవితం ఆధారంగా వచ్చిన ఆ చిత్రం, ఆసు పోసే ఆడవాళ్ల భుజాల నొప్పి ఎలాంటిదో మగ్గం ఎన్నడూ చూడని ప్రేక్షకులకు కూడా తెలియజెప్పింది. పని తెలిసినవారు తీస్తే మన బతుకు తెర మీద ఎంత బలంగా నిలుస్తుందో దాన్ని బట్టి తెలుస్తున్నదన్న ఆ సభ్యుల మాట నిజం, సభ దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నది. కానీ అది నటులతో తీసిన కథాచిత్రం. అంతటి సమయం, పెట్టుబడి మన సంఘానికి లేవు. మనం పిలవగలిగిన బృందం ఇద్దరు ముగ్గురితో వచ్చి, పొద్దు గూకేలోపు తిరుగు ప్రయాణం కావలసినది. అలాంటి బృందం ఏది బాగా చేయగలదో, ఏది చేయలేదో విడదీసి చూడాలి.

ఫోన్ చాలన్న యువ సభ్యుల వాదనను కూడా సభ అంతే శ్రద్ధగా పరిశీలించింది. గుంట మగ్గం ఉన్న గది చాలా ఇళ్లలో చీకటిగా ఉంటుంది. ట్యూబ్‌లైటు వెలుతురులో ఫోన్‌తో తీస్తే తెర మీద చారలు కదులుతాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తాలది. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేముల లెక్కన తీస్తుంది, ఆ రెండింటికీ పొంతన కుదరక వచ్చే చిక్కు అది. సెకనుకు 25 ఫ్రేములకు మార్చుకుని, షటర్‌ను 50వ వంతు సెకను దగ్గర నిలిపితే చారలు పోతాయి. ఇది నేర్చుకోగలిగిన విషయమే. పొద్దున కిటికీ వెలుగులో తీయడం, ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టడం కూడా అంతే.

రంగు సంగతి వేరు. పట్టు మీద వెలుతురు పడి మెరిసినప్పుడు ఫోన్ తనంతట తాను వెలుగును సర్దుకుంటుంది, దాంతో ఒక్కో షాట్‌లో చీర ఒక్కో రంగులో కనిపిస్తుంది. అద్దకం పని చేసే సభ్యురాలొకరు లేచి, తాము ఒక్క చాయ తేడా వచ్చినా దారాన్ని పక్కన పెట్టేస్తామని, అలాంటిది వీడియోలో నెమలికంఠం రంగు మామూలు నీలంలా కనిపిస్తే తమ పనికి విలువేముంటుందని అడిగారు. సభలో ఎక్కువమందిని కదిలించింది ఆ ప్రశ్నే. దూరంగా ఉండి వీడియో చూసి చీర తెప్పించుకునేవారు, ముఖ్యంగా పెళ్లిళ్లకు కొనే బయటి రాష్ట్రాల, విదేశాల తెలుగువారు, వచ్చిన చీర తెర మీది రంగులో లేదని తిప్పి పంపితే నష్టం సంఘానిదే. సన్నటి గళ్లను కెమెరా దూరం నుంచి పట్టినప్పుడు బట్టలో లేని అలలు తెర మీద కనిపించడం ఇంకో ఇబ్బంది. లెన్సు మార్చి, దూరం సరిచూసుకుని తీసే చేయి దానికి కావాలి. మాట రికార్డు చేయడం కూడా తేలిక కాదు. పక్కింట్లో నాలుగు మగ్గాలు ఆడుతుంటే ఫోన్ మైకులో పెద్దల మాట వినిపించదు, చొక్కాకు తగిలించే మైకు పెట్టినా దాని సంగతి చూసే మనిషి ఉండాలి.

మనమే తీసుకుంటే ఖర్చుండదన్న మాటను ఈ సభ అంగీకరించలేదు. వీడియో కోసం మగ్గం ఆగిన ప్రతి పూటా ఆ ఇంటికి కూలి తగ్గినట్టే. తీసిన ముక్కలన్నీ చూసి, ఏరి, కూర్చడానికి యువ సభ్యులు రాత్రుళ్లు కూర్చోవాలి. ఆ శ్రమకు డబ్బు ఇవ్వకపోతే దాన్ని మనం లెక్కలో చూపించకుండా దాచినట్టవుతుంది. ఆసు పోసిన ఆడవాళ్ల శ్రమను ఇళ్లలో ఎన్నో ఏళ్లు లెక్క కట్టకుండానే గడిపాం. ఈ కొత్త పనిలో ఆ అన్యాయం మళ్లీ జరగకూడదు.

డిజైన్ల సంగతి కూడా చర్చకు వచ్చింది. వీడియోనే వద్దన్న సభ్యుల భయం దాని చుట్టూనే ఉంది: గ్రాఫ్ కాగితం మీది బొమ్మ కెమెరాకు దొరికితే నకలు చేసేవాడికి మనమే దారి చూపినట్టవుతుందని. ఈ భయానికి చట్టంలో కూడా ఆధారం ఉంది. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టకముందే జనానికి వెల్లడైన డిజైన్‌ను రిజిస్టరు చేయించుకోలేం. రిజిస్టరైతే 10 ఏళ్ల హక్కు, ఆపై మరో 5 ఏళ్ల పొడిగింపు ఉంటాయి. తొందరపడి పెట్టిన ఒక్క వీడియో ముక్కతో ఆ హక్కు చేజారవచ్చు. అయితే ఈ కారణంతో వీడియోనే మానుకోనక్కర్లేదు. వీడియోలో ఏ డిజైన్ కనిపించాలో ముందే నిర్ణయించుకుంటే చాలు.

పై విషయాలన్నీ పరిశీలించిన మీదట సభ ఈ విధంగా తీర్మానించింది.

రోజుల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన చిత్రీకరణ సంఘ సభ్యుల చేతుల్లోనే ఉండాలి. రంగు, శబ్దం, కూర్పు నిపుణులకు అప్పగించాలి. ఏం చెప్పాలి, చివరికి ఏది ఉంచాలి అన్నది సంఘమే నిర్ణయించాలి. పని మొత్తాన్ని ఒక్క పక్షానికి కట్టబెట్టే రెండు ప్రతిపాదనలనూ సభ తిరస్కరిస్తున్నది.

సంఘం ఒక వార్పును, అంటే మగ్గానికి ఎక్కే ఒక పడుగును ఎంచుకుని, దాన్ని మొదటి దారం నుంచి చివరి చీర దాకా తీయించాలి. ఎంచుకునే డిజైన్ మన ప్రాంతంలో తరతరాలుగా అందరూ నేస్తున్న పాతదై ఉండాలి. సంఘం కొత్తగా గీయించిన ఏ డిజైనూ దరఖాస్తు చేయకముందు ఏ కెమెరా ముందుకూ రాకూడదు. గ్రాఫ్ కాగితాలు, గోడకు అంటించిన నమూనాలు చిత్రీకరణకు ముందు తీసి లోపల పెట్టాలి. వీడియో తీసే బాధ్యత ఇద్దరు యువ సభ్యులది. ఏది తీయాలో వాళ్లకు చెప్పే బాధ్యత ఆసు, కట్టు, అద్దకం, నేత పనుల్లో అనుభవం ఉన్న పెద్దలది, వారిలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి. కెమెరా పట్టినవారికి ఒక కట్టు ఇంకో కట్టులాగే కనిపించవచ్చు. ఏ కట్టుతో బొమ్మ మొదలవుతుందో తెలిసిన మనిషి పక్కన ఉంటేనే ఆ క్షణం దొరుకుతుంది.

ఆ వార్పుకు సంబంధించిన ప్రతి దశనూ ఒకే చోట, ఒకే ఎత్తులో, ఫోన్ అడ్డంగా పెట్టి తీయాలి. ప్రతి రోజు మొదటి షాట్‌లో తెల్లటి నూలు గుడ్డ ఒకటి కనిపించేలా పెడితే, తర్వాత రంగులు సరిచేసేవారికి ఆధారం ఉంటుంది. తీసిన ముక్కలను ఆ సాయంత్రమే రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి కార్యాలయం బీరువాలోనూ రెండోది వేరే ఇంట్లోనూ ఉంచాలి. వాట్సాప్ ద్వారా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది కాబట్టి ఆ మార్గంలో పంపడాన్ని సభ నిషేధిస్తున్నది.

నిపుణులను పిలిచేందుకు పాలకవర్గం మూడు కొటేషన్లు తెప్పించాలి. కొటేషన్ తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ఎవరినీ ఎంపిక చేయకూడదు. బట్ట మీద, అందులోనూ పట్టు మీద వారు గతంలో తీసిన పని చూడాలి. పెళ్లి వీడియోల్లో ఎంత పేరున్నా ఆ అనుభవం ఇక్కడ సరిపోతుందని అనుకోకూడదు. ఎంపికైనవారు ఒక రోజు కెమెరా లేకుండా వచ్చి, మగ్గం పక్కన కూర్చుని పని చూడాలి. అందుకు ఒప్పుకోని బృందానికి ఈ పని ఇవ్వకూడదని సభ ఏకగ్రీవంగా నిర్ణయించింది. అయ్యే ఖర్చు, పన్నులతో సహా, ఈ ఏడాది బడ్జెట్‌లో ప్రచారం పద్దు కింద ఉన్న మొత్తాన్ని మించరాదు. డ్రోన్ వద్దు. మన పని కప్పు కింద, గుంటలో కాళ్లు పెట్టుకుని చేసేది, ఆకాశం నుంచి అది కనిపించదు.

వారు చేయాల్సిన పనులు ఇవి: పూర్తయిన చీరలను వాటి నిజమైన రంగుల్లో తీయడం, పెద్దల మాటలను శుభ్రంగా రికార్డు చేయడం, మన సభ్యులు వారాలపాటు తీసిన ముక్కలతో తమవి కలిపి కూర్చడం. రంగులు సరిచేసే రోజున అద్దకం చేసిన సభ్యురాలు లేదా సభ్యుడు అసలు చీర పట్టుకుని వెళ్లి, తెర పక్కన పరిచి, తన కళ్లతో పోల్చి చూసి ఒప్పుకున్నాకే ఆ షాట్ ఖరారు కావాలి. ఆ రోజు కూలి, ప్రయాణ ఖర్చు సంఘం భరిస్తుంది. ఈ నిబంధన గురించి ఏ బృందమైనా గొణిగితే, ఇది మన పనికి ప్రాణమని పాలకవర్గం వారికి ఓపికగా వివరించాలి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. కాబట్టి సంతకం పెట్టే ముందు, ఆ హక్కును తిరగరాసే వాక్యం ఒప్పందంలో ఎక్కడా లేదని చూసుకోవాలి. వాడకుండా మిగిలిన ముక్కలతో సహా తీసినదంతా సంఘానికి అప్పగించాలని, మన అనుమతి లేకుండా వారు దాన్ని మరో వ్యాపారికి ఇవ్వకూడదని స్పష్టంగా రాయించాలి. డబ్బు మూడు విడతల్లో ఇవ్వాలి, ఆఖరి విడత హార్డ్‌డిస్కు చేతికి అందిన తర్వాతే. వారి పేర్లు వీడియో చివర గౌరవంగా వేయాలి, వారిదీ చేతిపనే.

నేపథ్యంలో సినిమా పాటలు వాడకూడదు. హక్కుదారులు అభ్యంతరం చెబితే వీడియో మూగబోతుంది, లేదా మొత్తానికే తీసేస్తారు. ఆసు తిరిగే చప్పుడు, నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు, మన పెద్దల గొంతులు చాలు. మాట మన యాసలోనే ఉండాలి, పుస్తక భాషలోకి మార్చి మరొకరితో చెప్పించకూడదు. ఇతర భాషల వారికి సబ్‌టైటిల్స్ వేయించాలి.

చిత్రీకరణ కోసం మగ్గం ఆపిన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ ఆ పూటకు సగటు కూలి చెల్లించాలి. ఫోన్‌తో తీసిన ఇద్దరికీ గౌరవ వేతనం ఇవ్వాలి, ఆ మొత్తాన్ని పాలకవర్గం నిర్ణయించి నోటీసు బోర్డులో పెట్టాలి. ఎవరి ఇంట్లో తీసినా ముందుగా ఆ ఇంటివారి అనుమతి తీసుకోవాలి. బడి ఈడు పిల్లలను మగ్గం దగ్గర గానీ, అద్దకం దగ్గర గానీ చూపించరాదు. ఇంటి పనిలో సాయం చేస్తున్నారన్నా సరే, ఆ దృశ్యం తీయకూడదు.

పూర్తయిన వీడియోను బయటకు వదలడానికి ముందు సంఘ కార్యాలయంలో సభ్యులందరికీ చూపించాలి. తాను కనిపించిన తీరు నచ్చలేదని ఎవరైనా చెబితే, కారణం అడగకుండా ఆ ముక్క తొలగించాలి. పనిలో తప్పు చూపించారని ఏ నేతగాడైనా చెబితే దాన్ని సరిచేయాలి, అందుకు ఎంత ఆలస్యమైనా సరే. రానున్న ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాటికి సిద్ధం చేయాలని సభ కోరుకుంటున్నది. వార్పు అప్పటికి దిగకపోతే తేదీ కోసం వేరే చీర తెచ్చి చూపించడానికి సభ అనుమతించదు.

ఇక పండుగ అమ్మకాలు, కొత్తగా వచ్చిన చీరలు, ప్రదర్శనల సమాచారం లాంటి చిన్న వీడియోలు సభ్యులే తీసుకోవచ్చు. వాటికి బయటివారి అవసరం లేదు. చీర రంగు కనిపించే ప్రతి చిన్న వీడియో కిందా, పగటి వెలుగులో తీసిన ఫోటో ఒకటి జత చేయాలి.

వీడియోనే వద్దన్న ముగ్గురు సభ్యుల అసమ్మతిని వారి కోరిక మేరకు ఈ తీర్మానంలో నమోదు చేయడమైనది. నకలు చేసేవారి గురించి వారు చెప్పిన ఆందోళనను సభ తీసిపారేయలేదు, డిజైన్ల నిబంధన వారి మాటల నుంచే వచ్చింది. తీర్మానం అమలును గమనించే ఉపసంఘంలో వారిలో ఒకరు సభ్యులుగా ఉండాలని సభ కోరగా, అందుకు వారు అంగీకరించారు.

అయిన ఖర్చు, వీడియో చూసి వచ్చిన ఆర్డర్లు, తిరిగి వచ్చిన చీరలు, వాటికి కారణాలు అన్నీ రాసిన నివేదికను పాలకవర్గం వచ్చే మహాజన సభ ముందు ఉంచాలి. ఒక సభ్యురాలు ప్రతిపాదించగా మరో సభ్యుడు బలపరచిన ఈ తీర్మానాన్ని సభ ఆమోదించింది. దీని ప్రతులను నోటీసు బోర్డులో ఉంచి, సంఘంలో మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ ఒకటి చొప్పున అందజేయవలసిందిగా మేనేజర్‌ను ఆదేశించడమైనది.